మాటల పొందిక నెఱిగిన మహాపండితుడు

లాటిన్ భాషను నేర్వబూనిన విద్యార్థికి తొలినాళ్లలోనే ఎదురగు చిక్కు విశేషణమునకు సంబంధించినది. తెలుగున 'మంచి' అను మాట దేని ప్రక్కన నిలిచినను మాఱదు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకము, మంచి బాలురు - అన్నిటను ఒకటే రూపము. లాటిన్‌లో అట్లు గాదు. మంచి బాలుడన్నచో 'బోనుస్ పుఎర్' అనియు, మంచి బాలిక యన్నచో 'బోన పుఎల్ల' అనియు, మంచి కానుక యన్నచో 'బోనుమ్ దోనుమ్' అనియు చెప్పవలెను. విశేష్యము బహువచనమైనచో విశేషణమును బహువచనము కావలెను. విశేష్యమునకు షష్ఠి వచ్చినచో విశేషణమునకును షష్ఠి రావలెను. సంస్కృతము చదివినవారికి ఇది క్రొత్త గాదు. బాలుని యెడల 'సుందరః' అనియు, బాలిక యెడల 'సుందరీ' అనియు, పుష్పము నెడల 'సుందరమ్' అనియు చెప్పవలెనని వారెఱుగుదురు. తెలుగున సైతము కొన్ని తత్సమములు ఈ కట్టుబాటును పాటించుచున్నవి. గుణవంతుడైన రాజు, గుణవతియైన రాణి అను ప్రయోగములే అందుకు నిదర్శనము.

విశేష్యము తన లింగవచన విభక్తులను విశేషణమునకు పంచియిచ్చు ఈ యేర్పాటు ఎట్లు నిలిచినది? ఇది పెద్దలు కూడి విధించిన శాసనమా, లేక జనుల నోట తనంత పెరిగిన అలవాటా? అలవాటే యైనచో అందు తప్పొప్పులు నిర్ణయించుటకు ఎవరికి అధికారము? ఈ ప్రశ్నలను లాటిన్ భాష విషయమున లోతుగ విచారించి, ఆ విచారణను గ్రంథరూపమున నిలిపినవారిలో మొదట స్మరింపదగినవాడు మార్కుస్ తెరెంతియుస్ వర్రో. రోమనులలో అతనిని మించిన విద్వాంసుడు లేడని తరువాతి తరములవారు అంగీకరించిరి. అయితే అతడు ఈ విచారణ సాగించినది ప్రశాంతమైన ఆశ్రమవాటిక యందు గాదు. దేశము రెండు పక్షములుగ చీలి కత్తులు దూసిన కాలమున, ఓడిన పక్షమున నిలిచి, గెలిచినవాని దయకు పాత్రుడై బ్రదుకుచు, మాటకు మాట ఎట్లు పొసగునో అతడు వ్రాసెను.

వర్రో క్రీ. పూ. 116వ సంవత్సరమున జన్మించెను. రోమునకు ఈశాన్యముగ, సబైను జాతివారి సీమలో, రియాటె యను పట్టణమున్నది. వర్రో వంశమువారు ఆ ప్రాంతమువారు. కొండలు, పచ్చికబయళ్లు, పశువుల మందలు గల సీమ అది. కష్టజీవనమునకును, పాతకాలపు నియమములకును పేరుపడినది. పెద్దవాడైన పిమ్మట గూడ వర్రో ఆ పల్లెపట్టు సంబంధమును విడనాడలేదు. రియాటెలో గుఱ్ఱములను, దక్షిణమున ఆపూలియా సీమలో గొఱ్ఱెలను పెంచెను. సేద్యమును గూర్చి, పశుపోషణమును గూర్చి అతడు వ్రాసిన మాటలలో పుస్తకజ్ఞానముతోపాటు సొంత చేతి పని కూడ కనబడును.

రోములో అతనికి గురువు లూకియుస్ ఏలియుస్ స్తీలో. లాటిన్ భాషను శాస్త్రదృష్టితో పరిశీలించిన తొలి రోమను పండితులలో ఆయన ముఖ్యుడు. పూజారులు పాడుచు వచ్చిన, అర్థము మఱుగుపడిన ప్రాచీన స్తోత్రములకు ఆయన వ్యాఖ్యానము చేసెను. పాతమాటను త్రవ్వి దాని వేరు చూచు అలవాటు వర్రోకు ఈ గురువు వలననే అబ్బినది. సిసిరో యను సుప్రసిద్ధ వక్త కూడ యౌవనమున ఆయన యొద్ద వినినవాడే. తరువాత వర్రో ఏథెన్సు నగరమునకేగి, ప్లేటో సంప్రదాయమునకు చెందిన ఆంటియోకసు అను తత్త్వవేత్త యొద్ద చదివెను. ఇట్లు రోమను పాతదనమును, గ్రీకు శాస్త్రమును అతనియందు కలిసినవి.

ఆ కాలపు రోములో కులీనుడైనవాడు పుస్తకములతోనే కాలము గడుపుటకు వీలులేదు. రాజ్యసేవ, యుద్ధసేవ తప్పవు. వర్రో అనేక అధికారపదవులను నిర్వహించి న్యాయాధికారియగు ప్రీటరు పదవి వఱకు ఎదిగెను. అతని రాజకీయజీవితమంతయు పాంపీ యను సేనానితో ముడిపడియున్నది. పాంపీ క్రీ. పూ. 70వ సంవత్సరమునకు కాన్సలుగ ఎన్నికయ్యెను. యుద్ధములలో ఆరితేరిన ఆ వీరునకు శాసనసభ యగు సెనేటులో కూర్చున్న అనుభవమే లేదు. సభను ఎట్లు పిలువవలెనో, ఎట్లు నడుపవలెనో తెలియజేయు చిన్న పుస్తకమును వర్రో అతనికొఱకు వ్రాసి యిచ్చెను. మూడేండ్లకు, అనగా క్రీ. పూ. 67లో, మధ్యధరా సముద్రమున ఓడలను దోచుకొనుచున్న దొంగలను అణచుటకు పాంపీ బయలుదేరినపుడు వర్రో నౌకాసేనలో ఒక భాగమునకు నాయకుడయ్యెను. ఆ యుద్ధమున అతడు చూపిన శౌర్యమునకు ఓడముక్కుల ఆకృతులతో అలంకరించిన కిరీటము బహుమానముగ లభించెను. ఓడను నడుపుటయన నేమో ఆ వ్యాకరణవేత్త స్వయముగ ఎఱిగినవాడు.

ఆనాటి రోమను విద్వాంసుల నడుమ మాటల విషయమున ఒక పెద్ద వివాదము నడచుచుండెను. అది గ్రీకులనుండి దిగుమతియైనది. ఐగుప్తు దేశమున అలెగ్జాండ్రియా నగరపు పండితులు, వారిలో ప్రధానుడగు అరిస్టార్కసు, భాష సాదృశ్యమున నడచునని వాదించిరి. ఒకే తీరు మాటలు ఒకే తీరుగ రూపములు పొందవలెను; పొందనిచోట సవరింపవలెను. పెర్గమము నగరవాసి క్రేటీసు దీనికి ఎదురు నిలిచెను. భాషలో నియమముకంటె వైషమ్యమే ఎక్కువ, వాడుకయే ప్రమాణమని ఆయన మతము. క్రీ. పూ. 168 ప్రాంతమున ఈ క్రేటీసు రాయబారిగ రోమునకు వచ్చి, పలటైను కొండయొద్ద మురుగుకాలువ కంతలో పడి కాలు విఱుగగొట్టుకొనెను. మంచము పట్టియున్న కాలము వ్యర్థముగాకుండ వచ్చినవారికెల్ల ఉపన్యాసము లిచ్చెను. రోములో వ్యాకరణ విద్యకు అంకురార్పణము అట్లు జరిగినదని ప్రాచీనులు చెప్పుకొనిరి. గ్రాంథిక వ్యావహారిక వాదములను చవిచూచిన తెలుగువారికి ఈ రోమను వివాదపు వేడి ఎట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. జూలియస్ సీజరంతటివాడు గాల్ దేశపు దండయాత్రల నడుమ, ఆల్ప్స్ పర్వతములను దాటుచు, సాదృశ్యమును గూర్చి రెండు భాగముల గ్రంథము వ్రాసి సిసిరోకు అంకితమిచ్చెను.

మాటల పొందికను గూర్చి పుస్తకము వ్రాసిన ఆ సీజరే రాజ్యములోని పొందిక తెగిపోవుటకు కారకుడయ్యెను. క్రీ. పూ. 49లో అతడు సైన్యముతో ఇటలీలో ప్రవేశించగా, పాంపీ పక్షమున స్పెయిను దేశమును కాచుచున్న మువ్వురు నాయకులలో వర్రో ఒకడు. అప్పటికతనికి అఱువదియేడేండ్లు. తక్కిన యిరువురు ఇలెర్డా యొద్ద సీజరునకు ఓడిపోయిరి. పశ్చిమ భాగమున వర్రో చేతిలో రెండు సేనాదళములు మాత్రముండెను. పట్టణములు ఒకటి వెంట నొకటి సీజరు పక్షమున చేరెను; ఒక దళము అతని కన్నులయెదుటనే జెండాలు త్రిప్పుకొని వెడలిపోయెను. ఇక చేయునది లేక వర్రో కార్డుబా నగరమున సీజరు నెదుటికి వచ్చి, మిగిలిన ధనమును, లెక్కలను అప్పగించి లొంగిపోయెను. సీజరు తన యుద్ధచరిత్రలో ఈ ఘట్టమును కొంత ఎత్తిపొడుపుతో వర్ణించెను. అయినను వర్రో వెంటనే పక్షము మార్చుకొనలేదు. సముద్రము దాటి పాంపీ శిబిరమునకే చేరెను. మఱుసటి సంవత్సరము ఫార్సాలసు రణమున పాంపీ ఓడి, ఐగుప్తు తీరమున హత్యకు గుఱియయ్యెను. వర్రో ఇటలీకి మరలివచ్చెను.

సీజరు అతనిని క్షమించెను. అంతియగాక తగిన పనియు నిచ్చెను. గ్రీకు లాటిన్ గ్రంథములన్నిటిని సేకరించి, వర్గీకరించి, ప్రజలకొఱకు రోములో గ్రంథాలయము నెలకొల్పు భారము నిన్నటి శత్రువైన వర్రోపై ఉంచెను. వర్రో కూడ దేవతలను, పూజావిధానములను గూర్చిన తన పెద్ద గ్రంథమును ప్రధాన పురోహితపదవిలోనున్న సీజరునకు అంకితమిచ్చెను. దీనిని లొంగుబాటుగ చూచినవారు ఉండవచ్చును. అయితే రాజ్యమున తన పక్షము నశించిన పిదప, రోమను జనుల మాటలను, ఆచారములను, జ్ఞాపకములను కాపాడుటయే తనకు మిగిలిన ప్రజాసేవ యని వర్రో భావించినట్లు అతని రచనలను బట్టి తోచును.

ఆ కాలముననే, క్రీ. పూ. 47కును 43కును నడుమ, లాటిన్ భాషను గూర్చిన మహాగ్రంథము రూపొందెను. అది ఇరువదియైదు భాగములు. అందులో అధికభాగమును సిసిరోకు అంకితమీయ వర్రో మాటయిచ్చెను. సిసిరో ఎదురుచూచెను, రెండేండ్లు గడచినను గ్రంథము రాలేదు. వర్రో ఎంత పరుగెత్తినను ఒక మూరయైన ముందుకు సాగుటలేదని ఆయన మిత్రునకు వ్రాసిన జాబులో విసుగుకొనెను. తుదకు క్రీ. పూ. 45లో తానే ముందుగ ఒక తత్త్వగ్రంథమును వర్రోకు అంకితమిచ్చి, మాటను సున్నితముగ జ్ఞప్తికి తెచ్చెను. వర్రో ఋణము తీర్చుకొనెను. ఇరువురును ఓడిన పక్షమువారే, ఇరువురును వయసు మీఱినవారే. సభలో నోరు విప్పుటకు వీలులేని దినములలో వారికి పుస్తకములే సంభాషణము.

ఆ గ్రంథమున వర్రో చెప్పినదేమి? మొదట అతడు రూపభేదము లెందుకని ప్రశ్నించుకొనెను. ఒక్కొక్క భావమునకు ఒక్కొక్క వేఱుమాట ఉండవలెనన్నచో ఏ మనుష్యుని జ్ఞాపకమును దానికి చాలదు. మూలమాటలు వేయి ఉన్నచో, రూపభేదముల వలన వానినుండి అయిదులక్షల మాటలు పుట్టుననియు, ఉపసర్గలు చేరినచో అవి ఏబదిలక్షల వఱకు పెరుగుననియు అతడు లెక్క చూపెను. కావుననే భాష కొలదిమాటలను తీసికొని, వాని తుదలను వంచి, అనేక పనులకు నియోగించును. పేరు పెట్టుట యొక యెత్తు, పెట్టిన పేరును రూపములలో నడుపుట మఱియొక యెత్తు. మొదటిది మనుష్యుని యిచ్ఛ. ఎఫెససు పట్టణమున ముగ్గురు మూడు బానిసలను కొన్నారనుకొందము. ఒకడు అమ్మినవాని పేరు ఆర్తెమిదోరుసును బట్టి తన బానిసకు ఆర్తెమస్ అని పేరిడును. ఇంకొకడు ఆ సీమ అయోనియా కావున అయోన్ అనును. మూడవవాడు ఊరిపేరును బట్టి ఎఫేసియుస్ అనును. ఇందు నియమమేదియు లేదు. కాని పేరు పెట్టిన మఱుక్షణమున ఇచ్ఛకు తావులేదు. ఆ పేరు ప్రథమావిభక్తిలో ఒక్కసారి చెవిని బడినచో చాలు. ఆ యింటికి నిన్న వచ్చిన బానిస సైతము దానిని తక్కిన విభక్తులలో తప్పులేకుండ పలుకును. ఇది ఎవడును నేర్పినది గాదు. అందఱియందు సహజముగ నున్న వ్యవస్థ.

ఇక లింగమును గూర్చి అతడు చెప్పినది మిక్కిలి సూక్ష్మమైనది. 'పరియేస్' అనగా గోడ, 'అబియేస్' అనగా దేవదారు వంటి ఒక చెట్టు. రెండు మాటలును ఒకే అచ్చున పోసినట్లుండును. ఆ రెండు వస్తువులలో స్త్రీత్వము లేదు, పురుషత్వము లేదు. అయినను లాటిన్‌లో గోడ పుంలింగము, ఆ చెట్టు స్త్రీలింగము. ఎత్తైన గోడ యన్నచో విశేషణము 'ఆల్తుస్' అగును. ఎత్తైన ఆ చెట్టన్నచో 'ఆల్త' అగును. మఱియొకవంక, పెర్పెన్న యనునది పురుషుని పేరు. దాని తుద మాత్రము స్త్రీల పేళ్ల తుదవలె నుండును. కాబట్టి మాట ముఖము చూచి లింగము చెప్పరాదు, వస్తువును చూచియు చెప్పరాదు. మఱి దేనిని చూచి చెప్పవలెను? పురుషుని తెలుపు మాట పుంలింగము గాదనియు, దేనికి ముందు 'హిక్' అను పుంలింగ సర్వనామము చేరునో అదియే పుంలింగమనియు, దేనికి ముందు 'హైక్' చేరునో అదియే స్త్రీలింగమనియు వర్రో నిర్ణయించెను. అనగా ఒక మాట యెట్టిదో తెలియవలెనన్న దానితో పొసగి నిలుచు మాటను చూడవలెను. సంస్కృతమున భార్యను తెలుపు మూడు మాటలలో 'దార' శబ్దము పుంలింగము, 'భార్యా' శబ్దము స్త్రీలింగము, 'కలత్ర' శబ్దము నపుంసకము అగుటను ఎఱిగిన పాఠకులకు ఈ మాటలోని సారము వెంటనే తెలియును. ఇరువదవ శతాబ్దపు భాషాశాస్త్రజ్ఞులును లింగమును ఈ విధముగనే, తోడిమాటల నడవడిని బట్టియే, నిర్వచించిరి.

విశేషణమునకు గల రూపములను విద్యార్థి కన్నులకు కట్టునట్లు చూపుటకు వర్రో ఆటబల్లను తెచ్చెను. రోమనులు గళ్లు గీసిన పలకపై సిపాయిల కాయలతో ఒక ఆట ఆడెడివారు. దాని పేరు లాత్రుంకులీ. తెలుపు అను అర్థమిచ్చు 'ఆల్బుస్' అను విశేషణమును ఆ పలకపై పఱచినట్లు ఊహింపుమనెను. అడ్డముగ పోయినచో విభక్తులు - ఆల్బుస్, ఆల్బి, ఆల్బో అని. నిలువుగ పోయినచో లింగములు - ఆల్బుస్, ఆల్బ, ఆల్బుమ్ అని. గ్రీకులకు లేక లాటిన్‌కు మాత్రమే సొంతమైన ఆఱవ విభక్తిని గూడ అతడు గుర్తించెను. ప్రతి గడిలోను ఒక రూపము తన స్థానమున నిలుచును. విశేష్యము ఏ గడిలో నున్నదో విశేషణమును ఆ గడి రూపమునే ధరించి దాని సరసకు వచ్చును. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పొందిక యనగా తుదలు ఒకే తీరుగ మ్రోగుట గాదు. నావికుని తెలుపు 'నౌత' శబ్దము అకారాంతము. మంచి నావికుడన్నచో 'బోనుస్ నౌత' అనవలెనే కాని 'బోన నౌత' అనరాదు. చెవికి రెండును కలియవు. లింగవచన విభక్తులలో కలియును. లాటిన్ కవులు విశేషణమును ఒకచోటను, విశేష్యమును నాలుగు మాటల అవతలను ఉంచినను అన్వయము చెడకుండుట ఈ లోపలి పొందిక వలననే.

వైషమ్యవాదులు దీనిపై ఒక చక్కని ఆక్షేపణ చేసిరి. సృష్టియంతయు పురుషము, స్త్రీ, తదితరము అని మూడు విధములైనచో, ఆల్బుస్, ఆల్బ, ఆల్బుమ్ అని విశేషణమునకు మూడు రూపములున్నట్లు ప్రతిమాటకును ఉండవలదా? కాకికి 'కొర్వుస్' అను పుంలింగరూపమే యున్నది, 'కొర్వ' లేదేమి? చిఱుతపులికి 'పంతేర' యనియే యున్నది, 'పంతేరుస్' లేదేమి? దీనికి వర్రో సమాధానము పల్లెటూరి అనుభవమునుండి వచ్చినది. భేదము వస్తువులో ఉన్నంతమాత్రమున చాలదు. అది మనుష్యుల వాడుకకు వచ్చిన భేదము కావలెను. గుఱ్ఱములలో మగ ఆడ భేదము రైతునకు కావలెను, కావున 'ఎక్వుస్', 'ఎక్వ' అని రెండు మాటలు కలిగినవి. కాకి మగదో ఆడదో ఎవరికి పని? పూర్వము పావురములన్నిటికి 'కొలుంబ' అను స్త్రీలింగరూప మొక్కటే యుండెను. మనుష్యులు వానిని ఇండ్లలో పెంచసాగిన పిమ్మట జోడు కూర్చవలసి వచ్చి, మగదానికి 'కొలుంబుస్' అను మాట ఏర్పడెను. కాసీనుము అను ఊరియొద్ద తన తోటలో పేరుమోసిన పక్షిశాల నిర్మించుకొన్నవాడు ఈ మాట చెప్పుటలో ఆశ్చర్యములేదు. విశేషణమున కట్టి పరిమితి లేదు. అది ఏ వస్తువు సరసనైనను నిలువవలసినది గనుక మూడు రూపములతోడను సిద్ధముగ నుండును.

తుదకు వాదమును అతడు తీర్చిన తీరు గమనింపదగినది. ఎనిమిదవ భాగమున వైషమ్యవాదుల పక్షమును, తొమ్మిదవ భాగమున సాదృశ్యవాదుల పక్షమును నిష్పక్షపాతముగ నిలిపి, పదియవ భాగమున తన మతమును చెప్పెను. నియమమును వాడుకయు పగవారు గావు, వాడుకలోనే నియమమున్నది. భోజనశాలలో మూడు శయ్యలు వేసి ఒకదానిని వంకరగ పెట్టినచో చూచినవారు సరిచేయుదురు, మాటలలోను అంతే. కాని సరిచేయు అధికారము ఎవరిది? ఓడలో నావికుడు చుక్కానిపట్టువానికి లోబడవలెను, చుక్కానిపట్టువాడు శాస్త్రమునకు లోబడవలెను. అట్లే ఒక్కొక్క మనుష్యుడు ప్రజకు లోబడవలెను, ప్రజ యుక్తికి లోబడవలెను. ప్రజల వాడుకకు తాను యజమానుడు గాడనియు, తన వాడుకకు ప్రజలే యజమానులనియు అతడు ఒప్పుకొనెను. ఒకే మనుష్యుడు రాజ్యమున కంతకు యజమానుడై కూర్చున్న దినములలో ఈ మాట వ్రాయబడినదని మఱువరాదు.

క్రీ. పూ. 44 మార్చి 15న సీజరు సెనేటు సమావేశమున హత్యకు గుఱియయ్యెను. వర్రోకప్పగించిన గ్రంథాలయము ఆలోచనగనే మిగిలిపోయెను. సీజరు అనుచరుడైన ఆంటనీ కాసీనుములోని వర్రో గృహమును ఆక్రమించి, విద్యకు నిలయమైన ఆ యింటిని త్రాగుబోతుల విడిదిగ మార్చెనని సిసిరో తన ఉపన్యాసమున తీవ్రముగ నిందించెను. మఱుసటి సంవత్సరము ఆంటనీ, ఆక్టేవియను, లెపిడసు అను మువ్వురు అధికారమును పంచుకొని, చంపదగినవారి పట్టికలు ప్రకటించిరి. సిసిరో పేరు అందున్నది. వర్రో పేరును ఉన్నది. డిసెంబరు 7న సిసిరో తల తెగెను. డెబ్బదిమూడేండ్ల వర్రోను కాపాడుటకు మిత్రులు పోటీపడిరి. కలేనుసు అను వాడు అతనిని తన తోటయింట దాచెను. ఆ కలేనుసు ఆంటనీకి ఆప్తుడు; ఆంటనీ ప్రయాణములలో ఆ యింటనే బస చేయుచుండెడివాడు. చంపుమని ఆజ్ఞాపించినవాడును, చావవలసినవాడును ఒకే కప్పు క్రింద ఉండుట తటస్థించెను. పట్టియిచ్చినవారికి బహుమానము, బానిసలైనచో స్వాతంత్ర్యమును లభించు కాలమది. అయినను వర్రో బానిసలలో గాని, కలేనుసు బానిసలలో గాని ఒక్కడును నోరు విప్పలేదు. ఏ బానిసల పేళ్ల ఉదాహరణముతో అతడు వ్యాకరణమును బోధించెనో అట్టివారి మౌనమే అతని ప్రాణమును నిలిపినది.

ప్రాణము దక్కినది గాని పుస్తకములు దక్కలేదు. అతని గ్రంథాలయము దోపిడికి గుఱియయ్యెను. అతడు వ్రాసినవి కూడ అందు చాల నశించెను. అతడు క్రుంగిపోలేదు. డెబ్బదియెనిమిదవ యేట అడుగిడునప్పటికి తాను వ్రాసిన గ్రంథభాగముల సంఖ్య డెబ్బది యేడులు, అనగా 490, అని లెక్కవేసికొనెను. ఎనుబదవ యేట భార్య ఫుందానియా పేర వ్యవసాయ గ్రంథమును ప్రారంభించుచు, ఇక మూటముల్లె సర్దుకొనవలసిన వేళ వచ్చినదని చెప్పుకొనెను. చిత్తడినేలలలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పుట్టి, నోటను ముక్కునను శరీరమున జొచ్చి రోగములు కలిగించునని ఆ గ్రంథమున వ్రాసెను. తనకు దక్కని గ్రంథాలయ నిర్మాణము అసినియుస్ పోలియో చేతిమీదుగ రోములో నెరవేరగా, అందు ప్రతిమ నిలుపబడిన జీవించియున్న రచయిత వర్రో యొక్కడే. క్రీ. పూ. 27లో, తొంబదేండ్లకు సమీపించిన వయసున, అతడు కన్నుమూసెను. అతని కోరిక ప్రకారము మిర్టిలు, ఆలివు, నల్లపోప్లారు ఆకులు పఱచిన మట్టిపెట్టెలో దేహమును పాతిపెట్టిరి.

అంత పెద్ద రచనారాశిలో నేటికి సంపూర్ణముగ నిలిచినది వ్యవసాయ గ్రంథ మొక్కటే. లాటిన్ భాషా గ్రంథపు ఇరువదియైదు భాగములలో అయిదవది మొదలు పదియవది వఱకు, అవియు కొన్ని లోపములతో, మిగిలినవి. మాటలు ఒకదానితో నొకటి కూడి వాక్యమగు విధమును వివరించిన పదునాలుగవ భాగము మొదలు ఇరువదియైదవ భాగము వఱకు గల పండ్రెండు భాగములును, కొన్ని తునుకలు తప్ప, కాలగర్భమున కలిసినవి. దక్కినంతవఱకైనను దక్కుట ఒక మఠమువారి చలువ. కాసీనుము ఊరికి పైనున్న కొండ మీద, మాంటె కసీనో మఠమున, పదునొకండవ శతాబ్దమున ఒక లేఖకుడు ఆ భాగములను నకలు వ్రాసెను. నేడు ఫ్లారెన్సు నగరమున భద్రపఱుపబడియున్న ఆ ప్రతియే తక్కిన ప్రతులకెల్ల తల్లి. ఏ ఊరియొద్ద వర్రో తోటను ఆంటనీ దోచెనో, ఆ ఊరి కొండమీదనే వేయేండ్లకు అతని మాటలు మరల కలమున కెక్కినవి.

లాటిన్ బోధించు ఉపాధ్యాయుడు నేటికిని మొదటి పాఠములలోనే నల్లబల్లపై గళ్లు గీసి, అడ్డముగ లింగములను, నిలువుగ విభక్తులను వ్రాసి, బోనుస్, బోన, బోనుమ్ అని పిల్లలచే వల్లింపజేయును. గళ్ల దిక్కు మాఱినను బల్ల వర్రో చెప్పిన బల్లయే. ఆ రూపములను కంఠస్థము చేయుట విద్యార్థికి విసుగు కలిగింపవచ్చును. పైకి వేఱువేఱుగ కనబడుచు లోపల ఏకమై నిలుచు మాటలను వెదకి పట్టుట అతడు ఆ పట్టిక వలన నేర్చును. తన దేశస్థులలో అట్టి పొందిక కరవైన కాలమున వర్రో దానిని తన భాషలో కనుగొని, ఆ యెఱుకను తరువాతివారికి అందజేసెను.